చీకటి గదిలో ముప్పై రోజులు

మార్కాపురంలో ముప్పై ఏళ్లకు పైగా ఎవరు చనిపోయినా, ఎవరి పిల్లవాడు తప్పిపోయినా, ఏ బట్టల కొట్టు తగ్గింపు ధరలు పెట్టినా, ఆ కబురు ఊరికి బుడే సాహెబ్ గొంతులోంచే అందేది. ఆటో పైన రెండు మైకులు, వెనక సీట్లో ఆయన, ముందు సీట్లో తోలేవాడు మాలకొండయ్య. ఇప్పుడందరూ ఒకసారి రికార్డు చేసి అదే మాటను రోజంతా తిప్పుతున్నారు. బుడే సాహెబ్ మాత్రం ఒక వీధిలో చెప్పినట్టు ఇంకో వీధిలో చెప్పేవాడు కాదు. పలకల ఫ్యాక్టరీల వైపు వెళ్తే మిషన్ల చప్పుడు ఆగిన సందు చూసి మాట వదిలేవాడు. బజారులో గబగబా, ముసలివాళ్లు అరుగుల మీద కూర్చునే సందుల్లో నిదానంగా. చావు కబురైతే ఆటో ఆపించి, దిగి, నిలబడి చెప్పేవాడు. "కూర్చోని చెప్పే మాటనా అది?" అనేవాడు.

ఆయన తండ్రి పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. బుడే సాహెబ్ మూడో తరగతి మధ్యలోనే బడి మానేసి అదే షెడ్డులో పలకలకు చెక్క చట్రాలు బిగించే పనికి కుదిరాడు. ఎన్ని వేల మంది పిల్లలు ఆయన చట్రం బిగించిన పలక మీద అక్షరాలు దిద్దుకున్నారో తెలియదు గానీ, ఆయనకు మాత్రం అక్షరం రాలేదు. రంపం రొదలో ఈ మూల నుంచి ఆ మూలకు కేకేస్తే వినిపించే గొంతు మాత్రం వచ్చింది. ఆ గొంతు విని ఒక సినిమా హాలు మేనేజరు ఆయన్ను రిక్షా ఎక్కించి చేతికి మైకు ఇచ్చాడు. అక్కడి నుంచి మళ్లీ షెడ్డు ముఖం చూడలేదు.

చదువు రాని మనిషి కాగితం మీది మాటలు చెప్పడమెట్లా అంటే, ఒకసారి ఎవరైనా చదివి వినిపిస్తే చాలు, ఆయనకు వచ్చేసేది. ఆ చదివే పని కూతురు రిజ్వానాకు ఎనిమిదో ఏట వచ్చింది. పొద్దున్నే ఆయన టీ తాగుతుంటే, ఆ పిల్ల రిబ్బన్లు కట్టుకుంటూ కరపత్రం చదివేది. డిగ్రీ అయ్యాక బస్టాండు దగ్గర ప్రింటింగు షాపులో తెలుగు టైపు పనికి చేరింది. అప్పటి నుంచి తండ్రి చెప్పే కరపత్రాల్లో సగం ఆమే టైపు చేసేది, ఆమే చదివేది.

చదవడం పూర్తి కాగానే ఆయన ప్రతిసారీ ఒక మాట అడిగేవాడు.

"కిందేమన్నా ఉందా?"

దానికొక కారణం ఉంది. రిజ్వానా పుట్టక ముందెప్పుడో కంటి ఆపరేషన్ల శిబిరం పెడితే, కాగితం చదివిన కుర్రవాడు చివరి వరుస వదిలేశాడు. పరగడుపున రావాలని ఉంది అందులో. చుట్టుపక్కల పల్లెల నుంచి నలభై మంది ముసలివాళ్లు కడుపునిండా తిని బస్సులెక్కి వచ్చారు. వచ్చినవాళ్లను వచ్చినట్టే తిప్పి పంపారు. తర్లుపాడు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ బుడే సాహెబ్ చెయ్యి తడిమి పట్టుకుని, "నువ్వు చెప్తేనే గదా నాయనా వచ్చింది" అందట. ఆ మాట ఆయన మరిచిపోలేదు. అక్కడి నుంచి కింది వరుస వినకుండా మైకు పట్టుకోలేదు.

ఆయనకున్న ఒకే ఒక్క దురలవాటు జర్దా కిళ్లీ. ఎడమ బుగ్గలో పెట్టుకుంటే గంటన్నర. "ఇంజనుకు ఆయిలు, గొంతుకు కిళ్లీ" అని మాలకొండయ్యతో అనేవాడు. రెండేళ్ల కిందట నాలుక ఎడమ అంచున తెల్లటి మచ్చ లేచింది. కారం తగిలితే మండేది. భార్య జమీలాబీ తేనె రాసింది, పటిక నీళ్లు పుక్కిలించమంది. నాలుగు నెలలు అట్లా గడిచాక ఒంగోలు తీసుకెళ్తే ముక్క తీసి పరీక్ష చేసి, క్యాన్సరే గానీ మొదట్లోనే ఉంది, నాలుక అంచు కోసేస్తే బతుకుతాడని చెప్పారు.

బుడే సాహెబ్ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"నాలిక కోసినాక ఇంటికి పోయేదెవరు? నేనైతే గాదు" అన్నాడు.

"బతికితే చాలు గదయ్యా" అంది జమీలాబీ.

"నీకు చాలు. నేనేం జేసేది బతికి? మూగెద్దు మాదిరి మాలకొండయ్య ఎనకాల కూర్చోవాల్నా?"

ఆ మాట రిజ్వానా గుండెలో ముల్లులా దిగింది. అప్పటి నుంచి ఆమె ఫోనులో వెతకని చోటు లేదు. హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో, నోటి క్యాన్సరు మొదటి దశలో ఉన్నవాళ్లకు కత్తి పెట్టకుండా వెలుగుతో నయం చేసే పద్ధతి మీద పరిశోధన జరుగుతోందని, దానికి మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసింది. ఉత్తరం తనే టైపు చేసి పంపింది. పది రోజులకు పిలుపు వచ్చింది.

ఆ పరిశోధన చూసే డాక్టరు పేరు కృప. నలభై ఏళ్లుంటాయి. తొందర లేకుండా మాట్లాడే మనిషి.

"రక్తంలోకి ఒక మందు ఎక్కిస్తామండీ. అది ఒళ్లంతా పాకుతుంది. రెండు రోజులకు మంచి చోట నుంచి చాలావరకు పోతుంది గానీ, పుండులో మాత్రం నిలుస్తుంది. అప్పుడు ఆ చోటికి ఎర్రటి వెలుగు వేస్తాం. వెలుగు తగిలితేనే మందు లేస్తుంది, లేచి ఆ కణాల్ని చంపుతుంది. వెలుగు తగలని చోట ఏమీ చేయదు."

బుడే సాహెబ్ శ్రద్ధగా విన్నాడు. "అంటే మందు నిద్ర పోతా ఉంటది. మీరు లైటేసి లేపుతారు."

"సరిగ్గా చెప్పారు."

"నేను మైకులో చెప్పేదానికన్నా బాగుందమ్మా మీది. నాలిక మిగుల్తదా?"

"మిగలాలనే కదా ఇదంతా. ఒక్కసారికే పోతుందని చెప్పలేను. రెండోసారి అవసరం పడొచ్చు. ఇది ఇంకా పరిశోధనే, మాటివ్వలేను."

"మాట మిగిల్తే చాలు, మాటియ్యక పోయినా ఫర్వాలేదు" అని ఆయన నవ్వాడు. ఆ గదిలో ఆయనొక్కడే నవ్వాడు.

రంజాన్ నెల మొదలు కావడానికి రెండు రోజుల ముందు మందు ఎక్కించారు. మూడో రోజు దారమంత సన్నటి గాజు తీగ ఒకటి నాలుక దగ్గర పెట్టి వెలుగు వేశారు. పన్నెండు నిమిషాలు పట్టింది. తలుపు అద్దంలోంచి చూస్తే తండ్రి బుగ్గ లోపలి నుంచి ఎర్రగా వెలుగుతూ కనిపించింది రిజ్వానాకు.

ఆ సాయంత్రం కృప ఆమెను వరండాలోకి పిలిచి ఇంగ్లీషు కాగితం ఒకటి చేతికిచ్చింది.

"తెలుగులో ఇంకా అచ్చు వేయలేదు, నువ్వే చదివి చెప్పాలి. మందు చర్మంలో కూడా కొంచెం మిగిలే ఉంటుంది. ముప్పై రోజులు ఎండ తగలకూడదు. కిటికీ పక్కన కూర్చోకూడదు, ఒంటి మీద పడే పెద్ద లైట్లు వద్దు. కానీ ఇది కూడా ముఖ్యం, చూడు." కాగితం అడుగున వేలు పెట్టింది. "చీకటి గదిలో మాత్రం పెట్టొద్దు. ఇంట్లో మామూలు వెలుతురు రోజూ తగలాలి. ఆ కాస్త వెలుతురికే చర్మంలో మందు కొంచెం కొంచెంగా విరిగిపోతుంది. చీకట్లో ఉంచితే ఎక్కడిదక్కడే నిలిచిపోతుంది. ముప్పై రోజులయ్యాక కూడా, చెయ్యి ఒక్కటే పది నిమిషాలు ఎండలో పెట్టి చూసి, మర్నాటికి ఎర్రబడకపోతేనే బయటికి పంపాలి. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్" అంది రిజ్వానా. అర్థమైంది కూడా. ఆ తర్వాత ఎన్నోసార్లు, తనకు ఆ రోజు అర్థం కాలేదని నమ్మడానికి ఆమె ప్రయత్నించింది. కుదరలేదు.

ఒళ్లంతా దుప్పటి చుట్టి, నల్ల కళ్లద్దాలు పెట్టి, రాత్రి బస్సులో ఆయన్ను ఇంటికి తెచ్చారు. వాళ్లది ముందు వసారా, నడిమి గది, వెనక సామాన్ల గది ఉన్న చిన్న ఇల్లు. మొదటి రోజు నడిమి గదిలో మంచం వేశారు. నాలుక వాచి ఉంది, మాట్లాడొద్దన్నారు. పదకొండు గంటలకు వీధిలో మాలకొండయ్య ఆటో ఆగిన చప్పుడు వినగానే ఆయన లేచి గడప దగ్గరికి వెళ్లిపోయాడు.

"బావా, బతికినావా? ఊరంతా చెవుల్లో దూది తీసేసి ఎదురు చూస్తా ఉండాది!" అని మాలకొండయ్య వీధిలోంచి కేకేశాడు.

ఆయన చెయ్యి చాపి రమ్మని పిలిచాడు. ఆ చెయ్యి ఎండలో ఉన్నది రెండు నిమిషాలో మూడు నిమిషాలో. సాయంత్రానికి మణికట్టు దాకా కందిపోయి, వేళ్లు అరటికాయల్లా వాచాయి.

జమీలాబీ తల బాదుకుంది. తండ్రి సంగతి రిజ్వానాకు తెలుసు. నడిమి గదిలో ఉంచితే వసారాలోకి వస్తాడు. వసారాలోకి వస్తే ఎదురుగా టీ కొట్టు కనిపిస్తుంది. టీ కొట్టు కనిపిస్తే ఆయన్ను ఆపే మనిషి మార్కాపురంలో లేడు.

"ఆ కాగితం సరిగా చదువు" అంది జమీలాబీ.

రిజ్వానా మంచం పక్కన కూర్చుని చదివింది. ఎండ తగలకూడదు. కిటికీ దగ్గర కూర్చోకూడదు. ఒంటి మీద పడే లైట్లు వద్దు. ముప్పై రోజులు. అక్కడ ఆగింది.

బుడే సాహెబ్ వాచిన నాలుకతో కష్టం మీద అడిగాడు. "కిందేమన్నా ఉందా?"

ఆమె కాగితం వైపే చూస్తూ ఉంది. ఇంట్లో వెలుతురు మంచిదని చెప్తే, రేపు పొద్దునకు అది వసారాలో వెలుతురు అవుతుంది, ఎల్లుండికి వీధిలో వెలుతురు అవుతుంది. ముందు ఒక వారం భయపడనీ, తర్వాత చెప్పొచ్చులే అనుకుంది.

"ఏం లేదు నాయనా" అంది.

ఆయన తల ఊపాడు. ఇరవై ఏళ్లుగా ఆ పిల్ల చదివింది ఒక్క అక్షరం తప్పు పోలేదు.

జమీలాబీ ఆ పూటే సామాన్ల గది ఖాళీ చేసింది. పిల్లలకు అమ్మవారు పోసినప్పుడు గది మూసి పడుకోబెట్టడం ఆమె చిన్నప్పటి నుంచి చూసిందే. ఎంత మూస్తే అంత మంచిదని ఆమె నమ్మకం. పాత బురఖాలు రెండు కుట్లు విప్పి, ఆ గుడ్డను కిటికీకి మేకులతో బిగించింది. పైన గాలి కంతకు పెరట్లో పడి ఉన్న విరిగిన పలక రాళ్లు అడ్డం పెట్టి, మట్టి మెత్తింది. తలుపు సందుల్లో గుడ్డ పీలికలు కూరింది. బల్బు తీసేసింది. పక్కింటి వెంకటసుబ్బులమ్మ వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"సూది మొనంత ఎలుగు గూడా లేదు గదే జమీలా! మొగుణ్ణి ఇట్ల కాపాడుకునేటోళ్లు ఎక్కడుండారు?"

జమీలాబీ ముఖంలో అలసట మధ్య కాస్త గర్వం మెరిసింది. రిజ్వానా అది చూసింది. వారం గడిచింది, చెప్పలేదు. అమ్మ చేసిన ఇంత పనీ తప్పని ఇప్పుడు చెప్పడం ఎట్లాగో ఆమెకు తెలియలేదు.

హైదరాబాదు నుంచి వారానికోసారి నర్సు ఫోను చేసేది. "ఇంట్లో మామూలు వెలుతురులోనే ఉంటున్నారు కదమ్మా?"

"ఉంటున్నారు సిస్టర్."

ఆ నెలంతా ఇంట్లో ఉపవాసాలు. సాయంత్రం నడిమి గదిలో తల్లీ కూతుళ్లు ఖర్జూరం నోట్లో వేసుకుంటుంటే, తలుపు అవతల చీకట్లో ఆయన గంజి తాగేవాడు. వాపు తగ్గి రెండో వారానికి మాట తిరిగింది. వీధిలోంచి మాలకొండయ్య ఎగతాళి.

"ఏం బావా, కొత్త పెళ్లికూతురి మాదిరి గది దాటవు? ఉగాదికి గూడా అమాస చేసుకున్నావంట?"

లోపలి నుంచి జవాబు వచ్చేది. "రా, నువ్వు గూడా వచ్చి కూర్చో. నీ మొగం కనపడకపోతే ఎంత సుఖంగా ఉండాదో తెలుస్తది."

షాపు నుంచి వచ్చాక రిజ్వానా ఆ గదిలోకి వెళ్లి నేల మీద కూర్చునేది. ఆ రోజు టైపు చేసిన కరపత్రాలు గుర్తున్నంత మేరకు చెప్పేది. ఆయన చీకట్లోనే వాటిని మైకులో చెప్పినట్టు మెల్లగా చెప్పి చూసుకునేవాడు. కంభం చీరల కొట్టు. గిద్దలూరు కోచింగు సెంటరు. ముఖాలు కనిపించని ఆ చోట ఆయన తన చిన్నతనం, షెడ్డు, మొదటిసారి మైకు పట్టుకున్నప్పుడు చేతులు వణికిన సంగతి, అన్నీ చెప్పాడు. రిజ్వానాకు తండ్రి అంత దగ్గరగా ఎప్పుడూ లేడు. ఏ ఒక్క రోజైనా లేచి ఆ కిటికీ గుడ్డ పీకేసి ఉంటే సరిపోయేది. అది ఆమె చేతికి అందేంత ఎత్తులోనే ఉంది.

ముప్పై రోజులు పూర్తయ్యాయి. మర్నాడు నెలవంక కనిపించింది. తెల్లవారితే పండగ.

రిజ్వానా నోరు విప్పింది. "చెయ్యి ఒక్కటి ముందు ఎండలో పెట్టి చూడమన్నారు నాయనా. ఒక రోజు ఆగి..."

"ఒక్క పూట సందు లేకుండా నెల రోజులు మూసి పెడితే, ఇంకా పరీచ్చ ఏంది?" అంది జమీలాబీ. "వాళ్లు చెప్పిందానికి రెండింతలు చేసినాం మనం."

బుడే సాహెబ్ అప్పటికే తెల్ల లాల్చీ కోసం వెతుకుతున్నాడు. "నెలంతా ఒక్క నమాజుకు పోలేదు. పండగ నాడు గూడా ఈద్గాకు పోకపోతే, ఊరోళ్లు నా చావు కబురు మాలకొండయ్యతో చెప్పిస్తారు."

రిజ్వానా పెట్టెలోంచి లాల్చీ తీసి ఇచ్చింది.

ఊరి బయట ఈద్గా మైదానంలో నీడ లేదు. ఏప్రిల్ నెల. ఎనిమిదిన్నరకే ఎండ చురుక్కుమంటోంది. నమాజు, ప్రసంగం, ఆ తర్వాత గంట సేపు ఆలింగనాలు. నెల రోజుల తర్వాత కనిపించిన మనిషిని ఎవరూ వదల్లేదు. ఇంటికి వచ్చేసరికి ఆయన ముఖం ఎర్రబడింది. సేమ్యా గిన్నె చేతిలోకి తీసుకుని, "మండుతా ఉండాది" అన్నాడు. మధ్యాహ్నానికి కళ్లు మూసుకుపోయేంతగా ముఖం ఉబ్బింది. చెవులు, మెడ, అరచేతుల వెనక పక్క బొబ్బలు లేచాయి. మాలకొండయ్య ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, మంచులో ముంచినా చల్లారని మంట అని ఆయన చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆయన ఏడవడం రిజ్వానా అదే మొదటిసారి చూడడం.

ఆసుపత్రి వరండాలో నిలబడి కృపకు ఫోను చేసింది.

"ముప్పై రెండు రోజులకు ఇంత కాలడమేమిటి?" కృప గొంతులో నిజంగానే కంగారు. "రిజ్వానా, ఆయన్ను చీకట్లో గానీ పెట్టారా?"

బెంచీ మీద జమీలాబీ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది. ఆమె వేలి గోరు ఇంకా నల్లగానే ఉంది, ఆ బురఖా గుడ్డకు మేకు కొడుతుంటే సుత్తి దెబ్బ తగిలి.

"లేదు మేడమ్."

కాలిన చర్మం మూడు వారాలకు మానింది. పొరలు పొరలుగా ఊడి, కొత్త చర్మం వచ్చింది. మే నెల మొదట్లో హైదరాబాదు వెళ్తే, కృప నాలుక పరీక్షించి, అద్దం తెచ్చి ఆయనకే చూపించింది. పుండులో ముప్పాతిక వంతు మాయమైంది. వెనక పక్క పెసరగింజంత మాత్రం మిగిలింది.

"చాలా బాగా పనిచేసింది సాహెబ్ గారూ. ఇంకొక్కసారి వెలుగు వేస్తే అది కూడా పోతుంది. రెండు నెలల్లోపు వేయాలి."

బుడే సాహెబ్ అద్దం బల్ల మీద బోర్లించాడు.

"వద్దమ్మా."

"ఎందుకు?"

"మీరు చెప్పింది చెప్పినట్టు చేసినా. మా ఆడోళ్లు నన్ను దొంగసొత్తు మాదిరి దాచిపెట్టినారు. ఒక్క అక్షరం తప్పలేదు. అయినా కాలిపోయినా. అంటే ఆ మందు నా ఒంటికి పడలేదు. ఇంకోసారైతే కండ్లు పోతాయి. నాకు గుడ్డిగా బతికేది వద్దు."

కృప కాగితాలు ఇంకోసారి తిరగేసింది. "మీ ఒంట్లో మందు మామూలు కంటే ఎక్కువ రోజులు నిలిచినట్టుంది. ఎందుకో మాకూ అర్థం కావడం లేదు. ఈసారి ఇంకా ఎక్కువ రోజులు జాగ్రత్త పడదాం. కానీ మీకు ఇష్టం లేకుండా చేసేది లేదు. ఇది పరిశోధన. ఎప్పుడు వద్దనుకున్నా మానుకునే హక్కు మీది."

రిజ్వానా కుర్చీ వెనక నిలబడి ఉంది. ఒక్క మాట చాలు. కాలింది మందు వల్ల కాదు నాయనా, చీకటి వల్ల. కాగితం కింద ఇంకో వరుస ఉంది, నేను చదవలేదు. ఆ ఒక్క మాట చెప్తే ఆయన మూడు రోజులు తనతో మాట్లాడడు, నాలుగో రోజు చేతి సంచి సర్దుకుంటాడు. అది ఆమెకు తెలుసు. కానీ నర్సుతో చెప్పిన అబద్ధం, ఫోనులో చెప్పిన అబద్ధం, పక్కనే కూర్చున్న అమ్మ ముఖం, అన్నీ అడ్డం వచ్చాయి. ఇంటికి వెళ్లాక మెల్లగా చెప్తాను అనుకుంది. చేతిలో ఇంకా రెండు నెలలు ఉన్నాయి కదా.

ఆ రెండు నెలలు మంచి రోజుల్లా గడవడమే పెద్ద చేటయింది. నాలుక నొప్పి లేదు. గొంతు పాతికేళ్ల కుర్రవాడి గొంతులా పలికింది. కిళ్లీ మానేశాడు. జూన్ నెలలో స్కూళ్ల అడ్మిషన్ల ప్రచారానికి పొదిలి దాకా వెళ్లి వచ్చాడు. ఒకసారి రిజ్వానా షాపు నుంచి ఇంటికి వస్తూ ఆయన ఆటోలోనే ఎక్కింది. పక్కన కూర్చుని, "నాయనా, నీకొకటి చెప్పాల" అంది.

"చెప్పు బేటీ."

"ఆ హైదరాబాదు కాగితం..."

"మల్లా ఆ ముచ్చటేందే? బాగైపోయినా గదా" అని ఆయన నవ్వుతూ మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. వీధి మలుపు వచ్చింది. అమ్మలారా, అక్కలారా అని మొదలుపెట్టాడు. బాగైపోయాడేమో అని ఆమెకూ అనిపించింది. అనిపించాలని కోరుకుంది.

దసరా ముందు, గడ్డం గీసుకుంటుంటే దవడ కింద చింతగింజంత గడ్డ చేతికి తగిలింది. ఈసారి ఎవరూ బలవంతం చేయకుండానే హైదరాబాదు వెళ్తానన్నాడు. కృప దగ్గర కూర్చుని ఆయనే అడిగాడు. "ఆ వెలుగే వేసేయండమ్మా. కాలితే కాలనీ."

కృప స్కాను తీయించి చూసింది. "ఇప్పుడు కుదరదు సాహెబ్ గారూ. ఆ వెలుగు పై పొరల్లోకి మాత్రమే దిగుతుంది. ఇది లోపలికి వెళ్లింది, మెడలోకి పాకింది. కోయాల్సిందే."

నాలుక సగం తీసేశారు. మెడలో గడ్డలు తీసేశారు. తొడ మీది కండ తెచ్చి నోట్లో కుట్టారు. పదకొండు గంటల ఆపరేషను.

ఆయన ఇంకా మత్తులో ఉండగానే రిజ్వానా కృప గదికి వెళ్లి, నిలబడే మొత్తం చెప్పేసింది. సామాన్ల గది, బురఖా గుడ్డలు, నర్సుకు చెప్పింది, పండగ నాడు ఫోనులో చెప్పింది, అన్నీ. కృప అడ్డు రాకుండా విన్నది. తిట్టలేదు. కంప్యూటరు తన వైపు తిప్పుకుని, మే నెలలో రాసుకున్నది తెరిచి చదువుకుంది.

"ఆయన ఒంట్లో మందు ఎందుకు నిలిచిందో తెలియక, ఆయన తర్వాత వచ్చిన ఇద్దరికి మందు తగ్గించాం" అంది మెల్లగా. "మేలో చెప్పి ఉంటే, నేను ఆయన కాళ్లు పట్టుకునైనా ఒప్పించేదాన్ని రిజ్వానా."

"మీరు పట్టుకునే పనిలేదు మేడమ్. నేను చెప్తే ఒప్పుకునేవాడు."

"మరి?"

ఆమె తలుపు తీసుకుని వార్డు వైపు నడిచింది.

నెలన్నర తర్వాత ఇంటికి తెచ్చారు. వసారాలో మంచం వేశారు. మాట్లాడితే గొంతులోంచి గాలీ, తడీ కలిసి ఏదో శబ్దం వచ్చేది. జమీలాబీకి సగం అర్థమయ్యేది, రిజ్వానాకు అంతకంటే తక్కువ. మాలకొండయ్య రోజూ వచ్చి కూర్చునేవాడు. ఎగతాళి చేయడానికి నోరు తెరిచేవాడు, మూసుకునేవాడు. ఒక రోజు వచ్చి, ఆటో మీది మైకులు విప్పించేశానని తల వంచుకుని చెప్పాడు. బుడే సాహెబ్ అతని భుజం తట్టాడు.

ఒక మధ్యాహ్నం తల్లి పక్కింటికి వెళ్లినప్పుడు, రిజ్వానా రాగిజావ గిన్నె పట్టుకుని మంచం మీద కూర్చుంది. చెంచా తిప్పుతూనే చెప్పింది. కాగితం కింద ఇంకో వరుస ఉందని, చీకటి గది వద్దని రాశారని, తాను చదివి కూడా దాచానని, నువ్వు వీధిలోకి వెళ్తావని భయపడ్డానని. మొదటిసారి భయం నాయనా, రెండోసారి మాత్రం సిగ్గు అంది. అమ్మకేమీ తెలియదు, అమ్మను ఏమీ అనొద్దు అంది. చెప్పినంతసేపూ గిన్నెలోకే చూసింది.

వీధిలో ఎవరో స్కూటరు కిక్కు కొడుతున్నారు, అది స్టార్టు కావడం లేదు. తర్వాత బుడే సాహెబ్ గొంతు సవరించుకుని ఒక మాట అన్నాడు. ఆపరేషను తర్వాత ఆయన అన్నవాటిలో, ఎవరూ విడమరచి చెప్పకుండా ఆమెకు మొదటిసారికే అర్థమైన మాట అది.

"చెప్పుంటే... రెండోసారి పోయుండేవాణ్ణి."

కోపంగా అనలేదు. ఏ ఊరి బస్సు ఎన్నింటికో చెప్పినట్టు, ఉన్నది ఉన్నట్టుగా అన్నాడు. తిట్టి ఉంటే ఆమె ఏడ్చేది. కొట్టి ఉంటే కాళ్ల మీద పడేది. ఆ మాటకు చేయగలిగిందేమీ లేదు. అది నిజమని ఇద్దరికీ తెలుసు.

ఆయన నోరు తెరిచాడు. ఆమె చెంచాతో జావ పెట్టింది. సగం పెదవి చివర నుంచి కారి మెడ మీదికి వచ్చింది. తుడిచి, ఇంకో చెంచా తీసుకుంది.